మెతుకు మీద మాట

మా అమ్మకి నేలంటే గుడ్డి నమ్మకం. సముద్రం ఒడ్డున పుట్టి, సముద్రంలో మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. లోకంలో చావనేది ఎక్కడైనా ఉంటే అది నీళ్ళలోనే ఉంటుందనీ, కాళ్ళ కింద గట్టి నేల ఉన్నవాడికి ఏమీ కాదనీ ఆమె లెక్క. అందుకే మా తమ్ముడు చదువు అవగానే డోంగీ ఎక్కుతానంటే అమ్మ ఇల్లు పీకి పందిరి వేసింది. ఇంజను బిగించిన చిన్న చెక్కపడవని మా దీవుల్లో డోంగీ అంటారు. వాడికి అది తప్ప వేరే ధ్యాస లేదు. అమ్మ వినలేదు. సైన్యంలోకి కుర్రాళ్ళని తీసుకుంటున్నారని తెలిసిన రోజున వాణ్ణి వండూర్‌లో బస్సెక్కించి, తనూ ఎక్కి, పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్ళి మైదానం గేటు లోపలికి తోసింది. వాడు పరుగు పూర్తిచేసి వచ్చేదాకా బయట చేపల బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది.

"మిలట్రీ అంటే నేల మీద ఉజ్జోగం. నేల మీద మడిసి ములిగిపోడు గదే," అంది నాతో ఆ సాయంత్రం.

నేను టౌన్లో ఒక ఆసుపత్రిలో నర్సుని. నేల మీద మనుషులు ఎన్ని రకాలుగా పోతారో రోజూ చూస్తూనే ఉంటాను. అయినా అమ్మ మొహంలో ఆ రోజు కనిపించిన నిశ్చింత నాన్న పోయాక నేను మళ్ళీ చూడలేదు. దాన్ని పాడుచెయ్యడానికి నాకు మనసు రాలేదు.

నాన్న ఎలా పోయాడో చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మేమిద్దరం పిల్లలుగా ఉన్నప్పటి సంగతి. నేను హైస్కూల్లో ఉన్నాను, తమ్ముడిది ఇంకా పలకా బలపం వయసు. నాన్నా, మావా కలిసి ఒకే డోంగీలో వేటకెళ్ళేవారు. మావ అంటే అమ్మకి దూరపు తమ్ముడి వరస, మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉంటాడు. ఒక రోజు వల పగడపు రాళ్ళకి చిక్కుకుంది. విడిపించడానికి నాన్న నడుముకి తాడు కట్టుకుని నీళ్ళలోకి దిగాడు. తాడు రెండో కొస పడవకి కట్టి ఉంది. నాన్న కిందుండగానే గాలి తిరిగింది. పడవ రాళ్ళ మీదికి కొట్టుకుపోతోంది. మావ తాడు కోసేసి ఇంజను స్టార్ట్ చేశాడు. పడవ మిగిలింది, మావ మిగిలాడు.

మా పేటలో ఒక కట్టు ఉంది. తాతలు మెయిన్‌లాండ్ నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నారంటారు. ఇప్పుడు అక్కడ ఉందో లేదో నాకు తెలియదు. ఒకే పడవలో వెళ్ళినవాళ్ళలో ఒకడు పోయి ఒకడు తిరిగొస్తే, తిరిగొచ్చినవాడు తన గుమ్మం తొక్కకముందే పోయినవాడి గుమ్మం తొక్కాలి. ఆ ఇంటి ఆడమనిషి పోయినవాడి కంచంలోనే అతనికి అన్నం పెట్టాలి. తిన్నాక, జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఆ మెతుకు తిన్నవాడు అబద్ధం ఆడకూడదు. ఆ మెతుకు పెట్టినవాళ్ళు నింద వెయ్యకూడదు. చెప్పడం అయిపోయాక కంచం కడిగి బోర్లిస్తారు. అక్కడితో సరి. రేపు పొద్దున్న అదే మనిషితో ఆ ఇంటివాడు పడవెక్కాల్సి రావచ్చు, పగలు పెట్టుకుంటే ఎవరూ బతకరు. పెద్దవాళ్ళు బాగా ఆలోచించే పెట్టుంటారు, కాదనను. కానీ వాళ్ళెవరూ నా కోపాన్ని లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

మావ తడిబట్టలతోనే వచ్చాడు. ఒక్కడే రావడం చూడగానే అమ్మకి తెలిసిపోయింది. ఏమీ అడగకుండా లోపలికెళ్ళి నాన్న కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. మావ ఏడుస్తూ తిన్నాడు. తిన్నాక, "తాడు నానే కోసినానప్పా," అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. అమ్మ చాలాసేపు అతని చేతులకేసి చూసి, "సెయ్యి కడుక్కో," అంది. అంతే. ఆ తరవాత ఎన్నేళ్ళు గడిచినా ఒక్క మాట తూలలేదు. మావ తెచ్చిన చేపల్ని తన బుట్టలో పెట్టుకుని అమ్మిపెట్టింది కూడా. కాకపోతే అతని మొహంకేసి ఎప్పుడూ చూడలేదు. అతను ఎదురుపడితే కాళ్ళకేసి చూసి మాట్లాడేది. నేనైతే కత్తిపీట ఎత్తుండేదాన్ని.

విచిత్రం ఏమిటంటే మా తమ్ముడు సముద్రం నేర్చుకున్నది ఆ మావ దగ్గరే. సెలవు దొరికితే చాలు, అమ్మ కళ్ళుగప్పి అతని పడవ దగ్గరికి పరిగెత్తేవాడు. వాడితోపాటు నేనూ. ఒడ్డున వలని పడవలోకి ఎక్కించేటప్పుడు ఒకళ్ళు మడత మడతగా అందిస్తుంటే ఒకళ్ళు సర్దుకోవాలి. మధ్యలో ఒక్క మెలి పడినా, నీళ్ళలో వదిలేటప్పుడు వల మొత్తం ఉండచుట్టుకుపోతుంది. నేను అందించేదాన్ని, వాడు సర్దేవాడు. నాకు ఓపిక తక్కువ, గబగబా విసిరేసేదాన్ని. "నెమ్మదిగా అప్పా, మెలి పడతంది," అని వాడే నన్ను ఆపేవాడు. వాడి చేతిలో వల ఎప్పుడూ చిక్కుపడలేదు.

ఆ చేతులే వాడి కొంప ముంచాయి. ట్రైనింగ్ అయ్యాక ఒక రోజు ఫోన్ చేసి, "అప్పా, నాకు మెషిన్ గన్ ఇచ్చినారు," అన్నాడు.

"అంతమందిలో నీకే ఎందుకురా?"

"బెల్టు మెలి పడకండా పట్టుకోడం నాకొచ్చు గదా. ఉస్తాద్ సూసినాడు."

ఆ తుపాకీకి గుళ్ళన్నీ బెల్టులాగా వరసగా గుచ్చి ఉంటాయట. కాల్చేవాడు నంబర్ వన్. పక్కనే పడుకుని, బెల్టుని రెండు చేతుల మీదుగా అందించేవాడు నంబర్ టూ. మా వాడికి నంబర్ టూగా దొరికినవాడు ఎక్కడో ఉత్తరాన కొండ ఊళ్ళ కుర్రాడు. సముద్రం చూసి ఎరగడు. "అచ్చం నువ్వు వల అందించినట్టే అందిస్తాడప్పా. కాకపోతే నీలాగ తిట్టడు," అని నవ్వాడు. తరవాత గొంతు తగ్గించి, అవతలివాళ్ళు ముందుగా వెతికేది ఈ తుపాకీనే అని చెప్పాడు. ఎక్కడి నుంచి మోగుతుందో చూసుకుని అక్కడే గుళ్ళు కురిపిస్తారట. "అమ్మకి సెప్పకు. స్టోర్లో పప్పులూ బియ్యం తూస్తన్నానని సెప్పినాను."

అమ్మ ఆ మాట నమ్మి, పేట పేటంతా చెప్పుకుంది. "నా కొడుకు మిలట్రీ మొత్తానికి కందిపప్పు తూస్తన్నాడు," అని చేపల బజార్లో కొనడానికి వచ్చిన వాళ్ళకి కూడా చెప్పేది. సెలవుకి వచ్చినప్పుడు వాడి కుడిభుజం మీద కాయ కాసి ఉంది, తుపాకీ మోసి మోసి. అమ్మ దాన్ని తడిమి చూసి, "బస్తాలు మోయించి సంపేస్తన్నారు నా బిడ్డని, ఆళ్ళ సేతులు పడిపోను," అని శాపనార్థాలు పెడుతూ కొబ్బరినూనె మర్దనా చేసింది. వాడు నాకేసి చూసి కన్నుగీటాడు. నేను నవ్వాను.

ఆ సెలవులోనే ఒక మధ్యాహ్నం ఇసకలో కూర్చుని మావ వల బాగుచేస్తుంటే వాడు పక్కన చేరాడు. నేను కొంచెం ఎడంగా చేపలు ఎండబెడుతున్నాను. ఉన్నట్టుండి వాడు, "మావా, తాడు కోసినప్పుడు నీ సెయ్యి వణికిందా?" అని అడిగాడు. ఆ మాట మా ఇళ్ళల్లో ఎవరూ ఎత్తరు.

"కోసినప్పుడు వణకలేదురా. ఆ తరవాతే మొదలైంది," అన్నాడు మావ. వల అల్లే కర్ర పట్టుకున్న చెయ్యి చాపి చూపించాడు. నిజంగానే వణుకుతోంది.

"నాకూ అంతే మావా. నొక్కినప్పుడు ఏటీ ఉండదు," అన్నాడు మా తమ్ముడు.

వాడు అప్పటికే మనుషుల్ని చంపాడని నాకు తెలిసింది అలాగే. మర్నాడు వాణ్ణి అడగాలనుకున్నాను, ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. వాడు మాత్రం మామూలుగానే ఉన్నాడు. మామిడికాయ వేసిన చేపల పులుసు రెండు పూటలా తిన్నాడు, పక్కింటి పిల్లలతో ఈత పందెం వేశాడు. వెళ్ళేటప్పుడు విమానాశ్రయంలో అమ్మ చెయ్యి పట్టుకుని, "ఛుట్టీ దొరగ్గానే వొచ్చేస్తాను," అన్నాడు. అమ్మ మాట్లాడలేదు. వేటకెళ్ళేవాణ్ణి ఎప్పుడొస్తావని అడగకూడదు, వెనక్కి పిలవకూడదు. నేల మీద ఉద్యోగం అన్న మనిషే ఆ కట్టు మాత్రం విడవలేదు.

ఆ తరవాత సరిహద్దులో మొదలైన దాన్ని టీవీలో కొందరు కాల్పులన్నారు, కొందరు యుద్ధమన్నారు. స్టూడియోలో కూర్చుని అరిచేవాళ్ళు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. పోయినవాడి ఇంట్లో అది యుద్ధమే. నేను డ్యూటీలో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఒక మర్యాదస్తుడి గొంతు హిందీలో నా బంధుత్వం అడిగి, తరవాత చెప్పాల్సింది చెప్పింది. పక్క మంచం మీద పేషెంటుకి సెలైన్ అయిపోవస్తోంది. ముందు అది మార్చాను. ఆ తరవాత యూనిఫాంతోనే వండూర్ బస్సెక్కాను.

అమ్మ గుమ్మంలో చేపలు తోముతోంది. నన్ను ఆ వేళప్పుడు ఆ బట్టల్లో చూసి కత్తిపీట పక్కకి జరిపింది. నేను చెప్పేశాను. ఇలాంటివి నాన్చి చెప్పకూడదని మా పనిలో నేర్పుతారు.

"ఎలాగ ములిగిపోనాడు?" అని అడిగింది అమ్మ.

"మునగలేదమ్మా. కొండ మీద. బాంబు ముక్క తగిలింది."

"నేల మీదేనా?"

"నేల మీదేనమ్మా."

అమ్మ చేపరక్తం అంటిన చేతుల్ని అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. కాస్సేపటికి లేచి, చేతులు కడుక్కుని, వాడి స్టీలు కంచం తీసి తుడిచి అలమరలో పైకి కనబడేట్టు నిలబెట్టింది. మావ వచ్చాడు, పేటంతా వచ్చింది. అందరూ ఏడుస్తుంటే అమ్మ ఒక్కటే ప్రశ్న అడిగింది. "తోడున్నోడెవడు? ఎప్పుడొస్తాడు?"

పెట్టె విమానంలో వచ్చింది. రోడ్డు పొడుగునా పిల్లల చేతుల్లో కాగితం జెండాలు, ఫోన్లు పట్టుకున్న పెద్దవాళ్ళు. పెట్టె మీద చెయ్యి వేసి ఫోటో తీయించుకున్నవాడు ఒకడున్నాడు. వాణ్ణి మావ మెడపట్టి గెంటకపోతే నేనే ఏదో ఒకటి చేసేదాన్ని. వెంట వచ్చిన అధికారి మంచివాడు. టోపీ తీసి అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మీ అబ్బాయి మా మెషిన్ గన్నర్, వాడు నిలబడ్డందువల్ల ఎంతోమంది బతికారు, వాడికి నొప్పి తెలియలేదు, ఒక్క క్షణంలో అయిపోయింది అని చెప్పాడు. అతను హిందీలో అన్నదాన్ని నేనిక్కడ తెలుగులో చెబుతున్నాను. మెషిన్ గన్నర్ అన్న దగ్గర అమ్మ నా మొహంకేసి చూసింది. నేను తల దించుకున్నాను.

"తుమ్ ఉధర్ థా?" అని అడిగింది అమ్మ అధికారిని.

"నహీ మాజీ. నేను కింద ఉన్నాను."

అమ్మ పక్కనున్న జవాన్లకేసి తిరిగింది. తన కొడుకుతో పడవలో ఉన్నది మీలో ఎవరు అని హిందీలో అడిగింది. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఒకడు మెల్లగా, "మాజీ, వాడు నేవీలో కాదు," అన్నాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వు తన్నుకొచ్చింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. చివరికి నేనే విడమరచి అడిగితే తెలిసింది. నంబర్ టూ బతికే ఉన్నాడు. కాలికి దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉన్నాడు.

"అయితే ఆగుతాను," అంది అమ్మ.

పెట్టె తెరవకూడదన్నారు. ఎందుకో నాకు తెలుసు, అమ్మకి చెప్పలేదు. ప్రభుత్వం వాళ్ళు చితికి కట్టెలు పేర్చి ఉంచారు, మాలో కాల్చరు, పూడుస్తారని మావ వాళ్ళతో గంటసేపు వాదించి గెలిచాడు. కొబ్బరిచెట్ల వెనక, సముద్రం చప్పుడు వినబడేచోట గొయ్యి తీశారు. జవాన్లు ఆకాశంలోకి తుపాకులు పేల్చారు. పేటలో కుక్కలన్నీ పారిపోయాయి. అమ్మ ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు.

తరవాత జరగాల్సినవన్నీ జరిగాయి. కర్మ అయింది, దండలు వాడిపోయాయి, ఒక మలుపు దగ్గర వాడి ఫోటోతో బోర్డు పెట్టారు, వానలకి అది వెలిసిపోయింది. కంచం మాత్రం బోర్లించలేదు. బంధువులు చెప్పి చూశారు. "బోర్లించీయే, ఇంటికి మంచిది కాదు," అని ముసలమ్మలు గొణిగారు. నేను కూడా ఒకసారి విసిగిపోయి, "ఆఫీసర్ చెప్పాడు కదమ్మా, ఒక్క క్షణంలో అయిపోయిందని. ఇంకేం కావాలి నీకు?" అన్నాను.

"ఆడు మెతుకు తిన్నాడా?" అంది అమ్మ.

అలాంటి ఓదార్పు మాటలు నేనే ఎన్నోసార్లు చెప్పాను, వార్డు బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళకి. నిద్రలోనే పోయాడమ్మా అంటాం. అందులో ఎంత నిజం ఉంటుందో మాకు తెలుసు. అమ్మ చదువుకోలేదు గానీ ఆ గొంతు ఆమె ఎక్కడున్నా పసిగడుతుంది. కొడుకు ఎలా పోయాడో తోడున్నవాడి నోటితో వినేదాకా ఆమెకి వాడు పూర్తిగా పోలేదు, ఉన్నట్టూ కాదు.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం వచ్చాడతను. ఆ రోజు నాకు ఆఫ్. సన్నగా, గోధుమరంగు మొహం, చేతికర్ర. బస్సు దిగి దారి అడుగుతూ వచ్చాడట. గుమ్మం దగ్గర ఆగి, ఎదురుగా కనబడుతున్న సముద్రాన్ని ఒకసారి తిరిగి చూసి, చేతులు జోడించాడు.

"నంబర్ టూ హూఁ, దీదీ," అన్నాడు నాతో.

అమ్మకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. లోపలికెళ్ళి కంచం తీసింది. పొద్దున వండిన అన్నం, చేపల పులుసు పెట్టి తెచ్చి అతని ముందు పెట్టింది. పక్కన స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టింది. నేను ఈ కట్టు సంగతి హిందీలో చెప్పబోతే అతను తల ఊపాడు. "తెలుసు దీదీ. వాడు చెప్పాడు. నాకేమైనా అయితే మా ఇంటికి వెళ్ళు, అమ్మ అన్నం పెడుతుంది, తిన్నాక అబద్ధం మాత్రం చెప్పకు అన్నాడు. అందుకే ఇన్నాళ్ళు రాలేకపోయాను."

కాలు నయం కాక రాలేకపోయాడనుకున్నాను నేను.

ముళ్ళు తియ్యడం రాక అవస్థ పడుతూ తిన్నాడు. అమ్మ ఒక ముక్క తీసుకుని ముళ్ళు వలిచి పెట్టింది. ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు. కారానికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ముక్కు ఎగబీలుస్తున్నాడు, అయినా గ్లాసు ముట్టలేదు. నేను జరిపితే మళ్ళీ వెనక్కి జరిపాడు. కొండ మనుషులు తింటూ నీళ్ళు తాగరేమో అనుకున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని మొదలుపెట్టాడు. అతను హిందీలో చెబుతుంటే నేను తెలుగులోకి మార్చక్కర్లేదు, అమ్మకి హిందీ బాగానే తెలుసు. ఈ దీవుల్లో హిందీ రాకుండా ఎవరూ చేపలు అమ్మలేరు.

రాళ్ళు పేర్చిన గోడ వెనక ఇద్దరే ఉన్నారు. పొద్దున్నించి కాలుస్తూనే ఉన్నారు. కింద ఉన్న తమవాళ్ళు వెనక్కి వెళ్ళేదాకా తుపాకీ ఆగకూడదని ఆజ్ఞ. ఆగలేదు. గొట్టం కాలిపోయి ఎర్రబడేది. వాళ్ళిద్దరూ ఒక డబ్బాలో మంచు నింపి దాని పక్కన పెట్టుకునేవారు, ఆ వేడికి కరిగి నీళ్ళయ్యేది. తాగడానికి అవే నీళ్ళు. కిందవాళ్ళంతా దాటిపోయాక, ఇక చాలు పద అని మా తమ్ముడు బెల్టు తీస్తుండగా గోడ అవతల బాంబు పడింది. ఇతనికి కాలు. వాడికి పొట్ట.

"ఒక్క క్షణంలో కాదు, మాజీ," అన్నాడు అతను. "ఎండ నడినెత్తిన ఉంది అప్పుడు. కదిలితే కాలుస్తారు. చీకటి పడితే గానీ ఎవరూ పైకి రాలేరు. వాడు స్పృహలోనే ఉన్నాడు. నీళ్ళడిగాడు."

'నీళ్ళు' అన్న మాట తెలుగులోనే అన్నాడు. వాడి దగ్గర కొన్ని మాటలు నేర్చుకున్నాడట. వల, చేప, అప్ప, నీళ్ళు.

"పొట్టలో దెబ్బ తగిలినవాడికి నీళ్ళివ్వకూడదని మాకు నేర్పారు. ఇస్తే చచ్చిపోతాడని. నేను ఇవ్వలేదు. డబ్బా నిండా ఉన్నాయి, చెయ్యి చాపితే అందుతాయి. వాడికీ కనబడుతున్నాయి. మొదట నన్నడిగాడు. తిట్టాడు. తరవాత నన్నడగడం మానేశాడు. మిమ్మల్ని అడిగాడు, మాజీ. అమ్మా నీళ్ళు, అమ్మా నీళ్ళు అని. పొద్దు వాలేదాకా."

సముద్రం మీద నుంచి గాలి వచ్చి ఆరేసిన బట్టలు కొట్టుకుంటున్నాయి. అతను ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"వాడు పోయాక ఆ నీళ్ళు నేను తాగాను. దాహంగా ఉండి తాగాను. మొత్తం."

కంచం తీసి అతని మొహాన కొట్టాలనిపించింది. నా తమ్ముడు అడిగి అడిగి పోయిన నీళ్ళు వీడు తాగి, బతికి, మా ఇంటికొచ్చి చేపల పులుసు తిన్నాడు. మెతుకు పెట్టిన ఇల్లు నింద వెయ్యకూడదు. ఆ కట్టు పెట్టినవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను మనసులో. అమ్మ అతని చేతులకేసే చూస్తోంది, అప్పుడు మావ చేతులకేసి చూసినట్టు. ఆ తరవాత నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"ఓలే, నువ్వు సెప్పు. నీ ఆసుపత్రిలో ఇలాటోల్ని సూసుంటావు. నీళ్ళివ్వకుంటే బతుకుతాడా?"

'నీళ్ళు' వినబడి అతను తలెత్తాడు.

పొట్టలో గాయమైతే నీళ్ళు ఇవ్వకూడదు. నిజమే. గంటలో ఆపరేషన్ బల్ల ఎక్కించగలిగినవాడికి. ఈ మాట నేనే ఎంతమంది తల్లులకి గట్టిగా చెప్పానో, ఎంతమంది చేతుల్లోంచి గ్లాసులు లాక్కున్నానో లెక్కలేదు. కానీ ఆ కొండ మీద డాక్టరూ లేడు, బల్లా లేదు, చీకటి పడేదాకా దారీ లేదు. నేను కూడా పొద్దున ఆ కుండలో మెతుకే తిన్నాను.

"బతకడమ్మా," అన్నాను. "ఇచ్చినా, ఇవ్వకపోయినా."

అమ్మ కాస్సేపు ఆ మాటని నమిలినట్టు దవడలు కదిపింది.

"మరైతే ఇవ్వొచ్చు గదే," అంది.

మెల్లగా అంది. తిట్టలేదు, ఏడవలేదు, ఎవరినీ వేలెత్తి చూపలేదు. మెతుకు కట్టు దాటలేదు. అతనికి తెలుగు అర్థం కాలేదు గానీ అమ్మ గొంతు అర్థమైంది. నాకేసి తిరిగి, "మాజీ క్యా బోలీ, దీదీ?" అని, అమ్మ ఏమందో అడిగాడు.

నాకు కోపం ఎక్కువని పేటంతా చెప్పుకుంటుంది. ఆసుపత్రిలోనూ ఆ పేరే ఉంది. ఉన్నదున్నట్టు హిందీలో చెప్పేస్తే చాలు, ఆ ఒక్క మాట అతను బతికినన్నాళ్ళూ మోస్తాడు. మోయాలనే ఉంది నాకు. అతని చేతులకేసి చూశాను. మోకాళ్ళ మీద పెట్టుకున్న రెండు చేతులూ వణుకుతున్నాయి, ఇసకలో కూర్చుని చాపి చూపించిన మావ చెయ్యిలాగే.

"నీళ్ళు తాగమంటోంది," అన్నాను.

అమ్మ నన్ను చూసింది. నేనన్నది ఆమెకి ప్రతి అక్షరం అర్థమైంది. కాదనలేదు. గ్లాసు తీసుకుని అతని చేతిలో పెట్టి, మావ మొహం ఎన్నేళ్ళుగానో చూడని మనిషి, అతని మొహంకేసి చూసింది.

"పీలో, బేటా," అంది.

అతను తాగాడు. గొంతులోంచి నీళ్ళు దిగుతున్న చప్పుడు మా ఇద్దరికీ వినబడింది. ఖాళీ గ్లాసు తీసుకుని అమ్మ లేచింది, నా తమ్ముడి కంచం కడిగి బోర్లించింది, పెరట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుని అప్పుడు ఏడ్చింది.